గొంతు నొక్కితే పలికే ఇంజను

ధనుర్మాసం తెల్లవారుజామున పాపిరెడ్డిపట్టిలో మొదట వినిపించేది గుళ్లోంచి వచ్చే తిరుప్పావై. దాని వెనకాలే, ఏదో ఒక వీధిలో, లేవనని మొండికేసే ఇంజను దగ్గు. సేర్వరాయన్ కొండల మీంచి చల్లగాలి దిగుతుంది. వాణియారు ఆనకట్ట వైపు పొలాల మీద మంచు పరుచుకుని ఉంటుంది. మా ధర్మపురి జిల్లా చలి ఏ కాశ్మీరు చలో కాదు, 20 డిగ్రీల కిందికి కాస్త దిగుతుంది, అంతే. కానీ చిన్న పెట్రోలు ఇంజనుకి ఆ కాస్త చాలు. రాత్రంతా వాకిట్లో నిలబడ్డ బండి పొద్దున్నే మొదటి తొక్కుకి లేవదు.

మా ఇంట్లో ఆ బండిని లేపేది నాయన. పాల సొసైటీకి ఆరులోపు క్యాన్లు చేరాలి. మోపెడ్‌ని స్టాండు మీద నిలబెట్టి, పెట్రోలు ట్యాప్ తిప్పి, కిందికి చెయ్యి పెట్టి చోక్ లాగేవాడు. ఆ తర్వాత పెడల్ మీద లేచి రెండు తొక్కులు. ఇంజను అందుకోగానే వెంటనే బయల్దేరేవాడు కాదు. తల కొంచెం పక్కకి వంచి వినేవాడు. ఆ శబ్దంలో ఏదో మారాక చోక్‌ని లోపలికి తోసేసి అప్పుడు క్యాన్లు తగిలించేవాడు. మేం ఇంట్లో తెలుగు మాట్లాడతాం, అంగట్లో తమిళం. చోక్ మాత్రం రెండు చోట్లా చోకే.

నాకు పన్నెండేళ్లప్పుడు నాయనకి జ్వరం వచ్చింది. బండి స్టార్ట్ చేసి పెట్టమంటే నేను చోక్ లాగి తొక్కాను. లేవలేదు. ఇంకా తొక్కాను. చోక్ అలాగే ఉంది. ఇరవై తొక్కులయ్యేసరికి వాకిలంతా పెట్రోలు వాసన. నాయన దుప్పటి కప్పుకునే బయటికి వచ్చాడు. చోక్ తోసేసి, పెట్రోలు ట్యాప్ కట్టేసి, ప్లగ్ ఊడదీసి చూపించాడు. మొన తడిసి నిగనిగలాడుతోంది. పంచె కొంగుతో తుడిచి మళ్లీ బిగించి, ఆక్సిలరేటర్ పూర్తిగా తిప్పి పట్టుకుని తొక్కమన్నాడు. నాలుగో తొక్కుకి నల్లగా ఒక పొగ వదిలి ఇంజను లేచింది. "దానికి ఆకలేసిందని గొంతు దాకా పోస్తే ఎట్లరా" అన్నాడు. పెట్రోలు ఎక్కువైతే ఎందుకు మండదో ఆయన చెప్పలేదు. నేను దాన్ని తెలుసుకోవడానికి చాలా ఏళ్లు పట్టింది.

పెట్రోలు మండదంటే ఎవరూ నమ్మరు. మండేది పెట్రోలు ఆవిరి. అదీ గాలిలో తగిన పాళ్లలో కలిసినప్పుడే. గాలిలో ఆ ఆవిరి ఘనపరిమాణం లెక్కన సుమారు 1.4 శాతానికి తగ్గితే నిప్పురవ్వ పడినా అంటుకోదు. సుమారు 7.6 శాతానికి మించినా అంటుకోదు. ఈ రెండు గట్ల మధ్యే ఇంజను బతుకు. పూర్తిగా, మిగులు లేకుండా మండాలంటే ఒక గ్రాము పెట్రోలుకి 14.7 గ్రాముల గాలి కావాలి. ఇంకోలా చెప్పాలంటే, ఒక లీటరు పెట్రోలు తాగడానికి ఇంజను దాదాపు 9 వేల లీటర్ల గాలి పీల్చాలి. కార్బురేటర్ పని ఈ పాళ్లు కుదర్చడం. లోపల ఒక గొట్టం మధ్యలో సన్నబడుతుంది. గాలి ఆ ఇరుకులో వేగం పుంజుకుంటుంది, పీడనం పడిపోతుంది. పక్కనే ఫ్లోట్ గిన్నెలో నిలిచిన పెట్రోలు మామూలు వాతావరణ పీడనంలో ఉంటుంది కాబట్టి సన్నని జెట్ రంధ్రం గుండా పైకి లేచి ఆ గాలిలో చిమ్ముతుంది. గాలి ఎంత వేగంగా పోతే పెట్రోలు అంత ఎక్కువ లేస్తుంది. ఈ ఇరుకు గొట్టం గుణాన్ని ఇటలీ శాస్త్రజ్ఞుడు జొవాన్నీ బత్తిస్తా వెంచురి 1797లో రాసి పెట్టాడు. అందుకే దానికి ఆయన పేరే ఉండిపోయింది.

చల్లటి ఇంజనులో ఈ ఏర్పాటు రెండు వైపుల నుంచి దెబ్బ తింటుంది. మొదటిది ఆవిరి సంగతి. పెట్రోలు ఒకే పదార్థం కాదు. 35 డిగ్రీలకే మరిగే తేలిక భాగాల నుంచి 200 డిగ్రీల దాకా మరగని బరువు భాగాల వరకు ఎన్నో కలిసిన ద్రవం. ఇంజను వేడిగా ఉంటే దాదాపు అన్నీ ఆవిరైపోతాయి. చల్లగా ఉంటే తేలిక భాగాలు మాత్రమే లేస్తాయి, మిగతాది తుంపరలుగా గొట్టం గోడలకీ సిలిండర్ గోడలకీ అంటుకుని తడిగా మిగిలిపోతుంది. జెట్ తన వంతు సరిగ్గానే ఇచ్చింది. కానీ ప్లగ్ దగ్గరికి చేరిన ఆవిరి చాలదు.

రెండోది వేగం సంగతి. ఇది చాలామందికి తట్టదు. కాలితో తొక్కినప్పుడు ఇంజను తిరిగే వేగం మామూలుగా పరిగెత్తే వేగంలో చిన్న భాగం. గొట్టంలో గాలి నింపాదిగా కదులుతుంది. అంత నింపాది గాలికి జెట్‌లోంచి పెట్రోలుని పైకి లాగే శక్తి ఉండదు. ఏ క్షణాన ఇంజనుకి ఎక్కువ పెట్రోలు కావాలో, సరిగ్గా ఆ క్షణానే కార్బురేటర్ తక్కువ ఇస్తుంది.

చోక్ ఈ చిక్కుని విప్పే తీరు నాకు ఎప్పుడూ ముచ్చటగా అనిపిస్తుంది. పెట్రోలు దారి జోలికే వెళ్లదు. గాలి వచ్చే వాకిట్లో ఒక రేకు తలుపు మూస్తుంది. పిస్టన్ కిందికి దిగుతూ పీల్చుతుంది, గాలి రావడానికి దారి లేదు, కాబట్టి ఆ పీల్పంతా జెట్ మీద పడుతుంది. పెట్రోలు ధారగా లేస్తుంది. అందులో నాలుగో వంతే ఆవిరైనా ఇప్పుడు అది చాలు. చోక్ అంటే గొంతు నొక్కడమే. ఊపిరి బిగిస్తే ఆకలి తీరే ఏర్పాటు అది.

ఇంజను మొదలయ్యాక కథ తారుమారవుతుంది. నిమిషం రెండు నిమిషాల్లో సిలిండర్ తల వేడెక్కుతుంది, గోడల మీది తడి ఆవిరై లేస్తుంది, వేగం పెరిగి గాలి బలంగా లాగుతుంది. ఇంకా తలుపు మూసే ఉంటే పాళ్లు అవతలి గట్టు దాటిపోతాయి. ఇంజను గుర్రుగుర్రుమంటూ నల్లపొగ వదులుతుంది, ప్లగ్ మసిబారుతుంది, మైలేజి పడిపోతుంది. సిలిండర్ గోడల మీది నూనె పొరని పెట్రోలు కడిగేస్తుంది, పిస్టన్ రింగులు అరుగుతాయి. గాలి చాలని మంట నుంచి కార్బన్ మోనాక్సైడు పుడుతుంది. తలుపులు మూసిన షెడ్డులో చోక్ లాగి ఇంజను వదిలేయడం ప్రాణాంతకం. నాయన తల వంచి విన్నది ఆ గుర్రుమనే శబ్దం మొదలయ్యే క్షణం కోసం.

మా తరంలో ఆడవాళ్లకి ఇదే విద్య వంటింట్లో తెలుసు. పంపు స్టవ్వు వెలిగించేటప్పుడు ముందు గిన్నెలాంటి పళ్లెంలో కాస్త స్పిరిట్ పోసి అంటిస్తారు. బర్నర్ కాలి ఎర్రబడే ముందు పంపు కొడితే కిరసనాయిలు ఆవిరి కాకుండా ద్రవంగానే ఎగజిమ్మి పసుపుపచ్చ మంట లేస్తుంది. కాలాక కొడితే నీలి మంట. బావుల మీద పెట్టే పెట్రోల్-కిరోసిన్ పంపుసెట్లదీ ఇదే నడక. చల్లటి ఇంజనులో కిరసనాయిలు అస్సలు ఆవిరి కాదు, ఏ చోకూ దాన్ని కాపాడలేదు. అందుకని చిన్న అరలో పోసిన పెట్రోలుతో స్టార్ట్ చేసి, ఇంజను బాగా కాలాక ట్యాప్ కిరసనాయిలు వైపు తిప్పుతారు. తెలిసిన రైతు ఆపే ముందు మళ్లీ పెట్రోలుకి తిప్పి కాసేపు నడిపి ఆపుతాడు. మర్నాటి పొద్దుకి గిన్నెలో కిరసనాయిలు మిగిలి ఉండకూడదు కదా.

ఈ తలుపు మొదటి నుంచీ లేదు. 1888 ఆగస్టులో బెర్తా బెంజ్ తన ఇద్దరు కొడుకులతో భర్త చేసిన మూడు చక్రాల బండిని మన్‌హైమ్ నుంచి ఫోర్జ్‌హైమ్‌కి నడిపింది. దారిలో వీస్‌లోహ్ ఊళ్లో మందుల దుకాణంలో లిగ్రాయిన్ కొని పోసింది. అది మరకలు తుడవడానికి అమ్మే చాలా తేలికపాటి ద్రవం, గాలి తగిలితే చాలు ఎగిరిపోతుంది. ఆనాటి కార్బురేటర్ కూడా ద్రవం మీదుగా గాలిని పోనిచ్చి ఆవిరిని పట్టుకుపోయే పాత్ర లాంటిదే. 1885లో విల్‌హెల్మ్ మేబాక్ ఫ్లోట్ ఉన్న కార్బురేటర్ చేశాడు. ఆ తర్వాత 1893 ఫిబ్రవరిలో హంగేరీ ఇంజనీర్లు దొనాత్ బాంకి, యానోష్ చోంక సన్నని రంధ్రంలోంచి ద్రవాన్ని చిమ్మే పద్ధతికి పేటెంట్ అడిగారు. బుడాపెస్ట్ వీధిలో పూలమ్మే పిల్ల గొట్టం నోట్లో పెట్టి పూల మీద నీళ్లు చిమ్మడం చూసి వాళ్లకి ఆ ఊహ వచ్చిందని హంగేరీలో చెప్పుకుంటారు. అదే ఏడు ఆగస్టులో మేబాక్ కూడా చిమ్మే కార్బురేటర్‌కి పేటెంట్ తీసుకున్నాడు. ఎవరు ముందన్న వాదన నాకు పట్టదు. ఆ పూలమ్మాయి నిజంగా ఉండి ఉంటే బాగుణ్ణని మాత్రం అనిపిస్తుంది.

చోక్ అవసరం ముదిరింది పెట్రోలు బరువెక్కాక. కార్లు లక్షల్లో పెరిగేసరికి తేలిక భాగాలొక్కటే చాలలేదు. 1910 తర్వాత శుద్ధి కర్మాగారాలు ఒకప్పుడు కిరసనాయిలు వైపు వదిలేసిన భాగాలని కూడా పెట్రోలులో కలపసాగాయి. పీపాలు ఎక్కువ నిండాయి, ఇంజన్లు మాత్రం పొద్దున్నే లేవడం మానేశాయి. 1908 నుంచి 1927 దాకా వచ్చిన ఫోర్డ్ మోడల్ టిలో రేడియేటర్ పక్కనే ఒక తీగ కొస బయటికి ఉండేది. ముందు నిలబడి కుడిచేత్తో క్రాంక్ తిప్పే మనిషి ఎడమచేత్తో ఆ తీగ లాగాలి. అదే చోక్. ఇంజను వెనక్కి తన్నితే క్రాంక్ మణికట్టు విరిచేది, మనుషులు చనిపోయిన సందర్భాలూ ఉన్నాయి. చార్లెస్ కెటరింగ్ రూపొందించిన ఎలక్ట్రిక్ స్టార్టర్ 1912 కాడిలాక్ కార్లలో వచ్చాక ఆ భయం తగ్గింది. చోక్ మాత్రం తీగ మారి డ్యాష్‌బోర్డు మీద గుండీ అయి, డ్రైవర్ వేళ్లకింద మరో అరవై డెబ్బై ఏళ్లు బతికింది.

మన దేశంలో చోక్ అని పిలిచినవన్నీ చోక్‌లు కావు. మెకానిక్‌లు ఎప్పుడూ ఆ తేడాని పట్టించుకోరు, పట్టించుకోనక్కర్లేదు కూడా, కానీ లోపల చూస్తే నాలుగు వేరు వేరు తెలివితేటలు, రేకు తలుపు వాటిలో ఒకటి. మద్రాసులో 1955 నుంచి పుట్టిన ఎన్‌ఫీల్డ్ బుల్లెట్ పాత బండ్లలో ఆమల్ కార్బురేటర్ పక్కన చిన్న బొత్తాంలాంటి మీట ఉండేది. దాన్ని వేలితో అదుముతుంటే లోపల ఫ్లోట్ మునిగి గిన్నె పొంగేది. వేలికి పెట్రోలు తడి తగలగానే ఆపాలి. మైసూరులో 1961 నుంచి తయారైన జావాలకీ ఇదే అలవాటు. అంబాసిడర్ కార్లలో చాలా వాటికి పెట్టిన ఎస్‌యూ కార్బురేటర్ దారి ఇంకొకటి. చోక్ గుండీ లాగితే అందులో జెట్టే కిందికి జారుతుంది, సన్నబడే సూది చుట్టూ సందు పెరిగి పెట్రోలు ఎక్కువ వస్తుంది. గాలికి అడ్డం ఏదీ రాదు. చెప్పుల వ్యాపారం చేసే స్కిన్నర్ కుటుంబంలో పుట్టిన అన్నదమ్ములు దాన్ని 1900ల మొదట్లో కనిపెట్టారు. లోపల కదిలే భాగాన్ని తొలి రోజుల్లో తోలు తిత్తితో చేశారంటే, చేతి దగ్గర ఏముంటే దాంతోనే ఆలోచన మొదలవుతుందని నాకు అర్థమైంది.

నాలుగోది మా ఊళ్లో ఇప్పటికీ ఎక్కువగా కనిపించేది. మికుని, కెయిహిన్ రకం చిన్న కార్బురేటర్ల పక్కన ఒక బుల్లి కార్బురేటర్ అతికించినట్టు ఉంటుంది. దానికి సొంత పెట్రోలు దారి, సొంత గాలి దారి. చోక్ మీట లేపితే చిన్న పిస్టన్ లేచి ఆ దారులు తెరుచుకుంటాయి. ఆక్సిలరేటర్ మూసి ఉన్నప్పుడు ఇంజను పీల్పంతా ఆ బుల్లి దారి మీదే పడుతుంది కాబట్టి అది బాగా పని చేస్తుంది. ఆక్సిలరేటర్ తిప్పామా, పీల్పు పెద్ద గొట్టంలోకి జారిపోతుంది, బుల్లి దారి ఎండిపోతుంది. చోక్ లాగినప్పుడు ఆక్సిలరేటర్ ముట్టుకోవద్దని పెద్దవాళ్లు అరిచేది ఇందుకే. రేకు తలుపు ఉన్న పాత రకానికి కాస్త తిప్పినా ఫర్వాలేదు. ఒకే మాట రెండు యంత్రాలకి చెబితే ఒకదాంట్లో నిజం, ఇంకోదాంట్లో తప్పు.

మా జిల్లాకీ ఈ కథకీ సంబంధం చుట్టరికం లాంటిది. 1965లో సేలం నుంచి విడిపోయిన ధర్మపురి జిల్లాలో, 2004లో కృష్ణగిరి విడిపోయేదాకా, హోసూరు కూడా భాగం. ఆ హోసూరులోనే 1980లో టీవీఎస్ 50 పుట్టింది, ఇద్దరు ఎక్కగల మన దేశపు మొదటి మోపెడ్‌గా పేరు తెచ్చుకుంది. 50 సీసీల రెండు స్ట్రోకుల ఇంజను. పెట్రోలులోనే నూనె కలిపి పోయాలి. హోసూరు చుట్టుపక్కల తెలుగు, తమిళం, కన్నడం మూడూ ఒక్క టీ కొట్లో వినిపిస్తాయి. ఆ బండి ఊరూరికీ దిగాక గడ్డిమోపులూ, పాల క్యాన్లూ, కర్రపెండలం మూటలూ దాని వెనక ఎక్కాయి. చోక్ అన్న మాట మా పొలాల్లోకి దిగింది ఆ బండితోనే. అప్పటిదాకా అది కారున్న దొరల మాట.

ఇంకో వింత మా కొండలు నేర్పాయి. సేలం నుంచి ఏర్కాడుకి 20 మలుపుల ఘాట్ రోడ్డు. పైన సుమారు 1,500 మీటర్ల ఎత్తు. అక్కడ గాలి కింద ఉన్నదానికంటే కొంత పలచబడుతుంది. పెట్రోలు జెట్ మాత్రం కిందే బిగించిన కొలత. గాలి తగ్గి పెట్రోలు అంతగా తగ్గదు కాబట్టి ఎత్తుకి పోయేకొద్దీ పాళ్లు చిక్కబడతాయి. కొండ మీద చలి, ఇంజను చిక్కటి పాళ్లు కోరుతుంది. కొండ తనకి తాను కొంత చోక్ వేసి పెడుతుంది. కాఫీ తోటల్లో పొద్దున్నే బండి తీసేవాళ్లు చోక్‌ని కింద ఊళ్లోకంటే తొందరగా తోసేస్తారని అక్కడే గమనించాను. ఇంజను కాలాక అదే చిక్కదనం బరువై, ఎక్కుడులో ఊపిరాడనట్టు లాగుతుంది.

చెయ్యీ చెవీ చేసే ఈ పనిని యంత్రానికే అప్పగించాలన్న ఆలోచన 1930ల్లోనే కార్లకి వచ్చింది. రెండు వేరు లోహాల పట్టీని కలిపి చుట్టగా చుట్టారు. వేడికి రెండూ సమానంగా పెరగవు, అందుకే చుట్ట విప్పుకుంటుంది, చల్లబడితే బిగుసుకుంటుంది. మన ఇస్త్రీ పెట్టెలో వేడి తెలుసుకుని కరెంటు ఆపేదీ అలాంటి పట్టీయే. ఆ చుట్ట కొసకి చోక్ తలుపు తగిలించి, పొగగొట్టం వేడి దాని మీదికి పంపారు. ఇంజను కాలుతున్నకొద్దీ తలుపు తనంతట తెరుచుకుంటుంది. చక్కటి ఊహే, కానీ అది వేడిని చూస్తుంది, ఇంజను అవసరాన్ని చూడదు. చుట్ట దుమ్ము పట్టి ఇరుక్కుంటే తలుపు సగంలో ఆగిపోయేది. కొన్నాళ్లు నడిచాక పనివాళ్లు దాన్ని తీసేసి చేతి గుండీ బిగించేవాళ్లు. వాళ్లని తప్పు పట్టలేను.

దీని తర్వాతి మజిలీ పొగ వల్ల వచ్చింది. సైలెన్సర్‌లో విషవాయువుల్ని విరగ్గొట్టే క్యాటలిటిక్ కన్వర్టర్ సుమారు 250 నుంచి 300 డిగ్రీలు దాటితేనే పని మొదలెడుతుంది. చల్లటి ఇంజను మొదటి ఒకటి రెండు నిమిషాల్లో, చిక్కటి పాళ్లతో నడుస్తూ, కన్వర్టర్ ఇంకా మేలుకోకముందే, పొగ పరీక్షలో లెక్కకొచ్చే కార్బన్ మోనాక్సైడులోనూ మండని పెట్రోలులోనూ పెద్ద వాటా వదిలేస్తుంది. అంటే ప్రభుత్వం పొగ లెక్క బిగించిన ప్రతిసారీ ఆ బిగింపు వచ్చి పడింది చోక్ మెడ మీదే. 2020 ఏప్రిల్ 1 నుంచి భారత్ స్టేజ్ 6 నిబంధనలు వచ్చాయి. మన దేశంలో కొత్త ద్విచక్ర వాహనాల మీద కార్బురేటర్ దాదాపుగా కనుమరుగైంది. హోసూరు మోపెడ్ కూడా ఇంజెక్షన్‌కి మారింది.

చోక్ చేసిన పని మాత్రం పోలేదు. ఇంజనుకి అంటించిన ఒక చిన్న గింజంత సెన్సర్ ఉంటుంది. చల్లబడితే దాని విద్యుత్ నిరోధం పెరుగుతుంది, కాలితే తగ్గుతుంది. ఆ సంకేతం చూసి కంప్యూటర్ ఇంజెక్టర్‌ని సెకనులో ఎన్ని వెయ్యో వంతుల సేపు తెరవాలో తేలుస్తుంది. దానికి లోపల ఒక పట్టిక ఉంది. సున్నా డిగ్రీల దగ్గర ఇంత ఎక్కువ, 20 దగ్గర ఇంత, 60 దగ్గర ఏమీ అక్కర్లేదు. వేర్వేరు చలుల్లో ఇంజన్లు లేపి లేపి ఇంజనీర్లు ఆ గడులు నింపారు. అందులో ఒక గడి మా ధనుర్మాసం వాకిలిది. ఇంజను కాలాక పొగగొట్టంలోని ఆక్సిజన్ సెన్సర్ ఇంకా గాలి మిగిలిందా, చాలలేదా అని చెబుతుంటుంది, దాన్ని బట్టి పాళ్లు క్షణక్షణం సర్దుకుంటాయి. చల్లగా ఉన్నప్పుడు ఆ రెండో సెన్సర్ కూడా నిద్రలోనే ఉంటుంది. అందుకని మొదటి నిమిషం పూర్తిగా ఆ పట్టిక మీద నమ్మకంతోనే నడుస్తుంది.

మా తమ్ముడు ఇంజెక్షన్ బండి కొన్న కొత్తలో నాయన దాని కింద చోక్ మీట కోసం వెతికాడు. లేదని చెబితే, మరి చలికి ఎట్లా లేస్తుందని అడిగాడు. సెన్సర్ అనీ, కంప్యూటర్ అనీ చెప్పాం. ఆయన ఏమీ అనలేదు. మర్నాడు పొద్దున్నే తమ్ముడు బండి స్టార్ట్ చేసి హెల్మెట్ కోసం లోపలికి వెళ్లాడు. వాకిట్లో ఇంజను కొంచెం గట్టిగా, హెచ్చు వేగంలో తిరుగుతోంది. నాయన పక్కన నిలబడి, తల కాస్త వంచి విన్నాడు. ఒకటిన్నర నిమిషమైందేమో. ఎవరూ ముట్టుకోకుండానే ఆ శబ్దం మెత్తబడి ఒక మెట్టు దిగింది.

"ఇదిగో" అన్నాడు నాతో, "ఇప్పుడు తోసేసింది."